పసిపాప నోట్లో ముత్యాలు

నాలుక కొనతో మీ అంగిలిని ముందు నుంచి వెనక్కు ఒకసారి తడిమి చూడండి. నట్టనడుమ సన్నని గీత వంటిది తగులుతుంది. మీరు తల్లి గర్భంలో ఉండగా పడిన అతుకు అది!

మన నోరు ఒకే ముక్కగా తయారు కాదు. దర్జీ గుడ్డముక్కలను కలిపి చొక్కా కుట్టినట్లు, పిండంలో విడివిడిగా పెరిగిన భాగాలు ఒకదానితో ఒకటి కలుస్తాయి. అంగిలి కుడి, ఎడమ పలకలు సుమారు మూడవ నెలలో మధ్యకు వచ్చి అతుక్కుంటాయి. అతికిన చోట పైపొర కణాలు మాయమైపోవాలి. కొన్ని లోపలే చిక్కుకుపోతే ఏమవుతుంది? అవి చిన్న సంచిలా ఏర్పడతాయి. దీనినే తిత్తి లేక సిస్ట్ అంటారు.

అప్పుడే పుట్టిన పాపల అంగిలి మీద గసగసాలంత తెల్లని చుక్కలు కనిపించేది ఇందువల్లనే. వాటి నిండా ఉండేది కెరాటిన్. మన గోళ్ళలో, వెంట్రుకలలో ఉన్న పదార్థమే అది! ప్రేగ్ నగరపు వైద్యుడు ఎప్‌స్టైన్ 1880లో వీటిని వర్ణించాడు. అందుకే వీటికి ‘ఎప్‌స్టైన్ ముత్యాలు’ అని పేరు. సగానికి పైగా శిశువులలో ఇవి ఉంటాయి. కొద్ది వారాలలో వాటంతటవే రాలిపోతాయి.

అన్ని తిత్తులూ ఇంత సాధువులు కావు. నోటి అడుగున చర్మకణాలు చిక్కుకుంటే డెర్మాయిడ్ తిత్తి వస్తుంది. అందులో వెంట్రుకల కుదుళ్ళు కూడా ఉండవచ్చు! మెడలో ఉండే థైరాయిడ్ గ్రంథి నిజానికి పుట్టేది నాలుక మొదట్లో. అక్కడి నుంచి అది కిందికి దిగిన దారి మూసుకోకపోతే, ఆ దారిలో తిత్తి రావచ్చు. ఇంకా వింత ఏమిటంటే, ఎప్పుడో ఒకసారి నాలుకలోని తిత్తి లోపల జీర్ణాశయపు పొర కనిపిస్తుంది!

ఇవి చాలా అరుదు. కాని పెరిగితే ప్రమాదం. తిత్తి నాలుకను వెనక్కు నెట్టితే పాప పాలు తాగలేదు, ఊపిరి ఆడదు. పాలు తాగుతూ పాప నీలంగా మారినా, ఊపిరికి గురగుర శబ్దం వచ్చినా, నాలుక కింద వాపు కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. డాక్టర్లు స్కాన్ తీసి, అవసరమైతే శస్త్రచికిత్సతో తిత్తిని తీసివేస్తారు. కొన్నిటిని బిడ్డ పుట్టక ముందే స్కానింగులో గుర్తించవచ్చు.

తెల్లని చుక్కలు చూసి “అప్పుడే పళ్ళు వచ్చాయి” అని కొందరు సూదితో గుచ్చుతారు, ఉప్పుతో రుద్దుతారు. అది తగదు. లేత నోటికి పుండు పడుతుంది, సూక్ష్మజీవులు చేరతాయి. ముత్యాలను ముట్టుకోకండి, వాపును అశ్రద్ధ చేయకండి. ఈ సంగతి మీ ఇంట్లో పెద్దలకు కూడా చెప్పండి.