గల్ఫ్ ఇంట్లో చెక్కుబుక్కు ఎవరి దగ్గర ఉంది?

కొత్తగా దుబాయ్, షార్జా వచ్చిన మన తెలుగు ఆడవాళ్ళ నోట నేను తరచుగా వినే మాట: "బ్యాంకు పనులన్నీ మా ఆయనే చూసుకుంటారండీ." ఇండియాలో అది చెల్లుతుందేమో గానీ ఇక్కడ చెల్లదు.

ముందు ఇంటి అద్దె సంగతి చూద్దాం. ఇక్కడ అద్దె ఏడాదికి మాట్లాడుకుని, ముందు తేదీలు వేసిన చెక్కులు ఒకేసారి ఇస్తాం. ఏడాదికి 60,000 దిర్హమ్‌లు, 4 చెక్కులు అంటే మూడు నెలలకోసారి 15,000 ఖాతాలో సిద్ధంగా ఉండాలి. జీతం నెలనెలా వస్తుంది, చెక్కు మూడు నెలలకోసారి పోతుంది. చిక్కంతా అక్కడే. మధ్యలో పండగకి టికెట్లు కొన్నామో, అంతే!

చెక్కు బౌన్స్ అయితే ఒకప్పుడు నేరుగా పోలీసు కేసే. 2022 జనవరి 2 నుంచి చట్టం మారింది. ఖాతాలో డబ్బు చాలకపోవడం ఒక్కటే కారణమైతే అది ఇప్పుడు నేరం కాదు. దాంతో "ఇక భయం లేదు" అని కొందరు అంటుంటారు, అది సరి కాదు. బౌన్స్ అయిన చెక్కుతో ఎదుటివాళ్ళు మామూలు దావా వేయకుండానే నేరుగా అమలు కోర్టుకు వెళ్ళొచ్చు. ప్రయాణ నిషేధం దాకా రావచ్చు. అల్ ఇతిహాద్ క్రెడిట్ బ్యూరో ఇచ్చే స్కోరు (300 నుంచి 900 వరకు ఉంటుంది) పడిపోతుంది, తర్వాత కారు లోన్ అడిగినప్పుడు తెలుస్తుంది. ఇంకొకటి, సరైన కారణం లేకుండా చెక్కు ఆపమని బ్యాంకుకు చెప్పడం, కావాలని ఖాతా మూసేయడం ఇప్పటికీ నేరాలే. ఏసీ బాగు చేయలేదని ఓనరు మీద కోపంతో చెక్కు ఆపించకండి. దుబాయ్‌లో అలాంటి తగాదాలకు అద్దె వివాదాల కేంద్రం వేరే ఉంది.

ఇంటికి డబ్బు పంపడంలో ఒక చిన్న లెక్క. దిర్హమ్ 1997 నుంచి డాలరుకు 3.6725 దగ్గర కట్టేసి ఉంది. అంటే రూపాయితో దిర్హమ్ రేటు సొంతంగా పెరగదు, తగ్గదు; డాలరు ఎటు పోతే అటే. ఆ రోజు డాలరు రేటును 3.6725తో భాగించండి. డాలరు 90 రూపాయలు అనుకుంటే 24.50 వస్తుంది. ఎక్స్ఛేంజ్ వాళ్ళు 24.30 ఇస్తే, 5,000 దిర్హమ్‌ల మీద వెయ్యి రూపాయలు వాళ్ళకి మిగిలినట్టే. "ఫీజు లేదు" అన్న బోర్డు చూసి మురిసిపోకూడదు. ఇండియాలో పాత సేవింగ్స్ ఖాతాని అలాగే వాడటం కుదరదు, ఎన్ఆర్ఓగా మార్చాలి. ఇక్కడి సంపాదన ఎన్ఆర్ఈలో వేస్తే వడ్డీకి అక్కడ పన్ను లేదు. ఎన్ఆర్ఓ వడ్డీకి ఉంది.

చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా చెప్పాల్సిన విషయం ఇంకొకటి ఉంది. ఖాతాదారు చనిపోయారని తెలియగానే బ్యాంకు ఆ ఖాతా ఆపేస్తుంది, వారసత్వ పత్రాలు కోర్టు నుంచి వచ్చేదాకా తీయనివ్వదు. జాయింట్ ఖాతాలోనూ పోయినవాళ్ళ వాటా ఆగిపోవచ్చు. ఏటీఎం పిన్ తెలుసు కదా అనుకోవద్దు. అద్దె చెక్కు తేదీ మాత్రం ఎవరి కోసమూ ఆగదు.

భర్త వీసా మీద ఉన్న భార్యకీ, ఎమిరేట్స్ ఐడి ఉంటే, సొంత ఖాతా తెరిచే బ్యాంకులున్నాయి. కనీస నిల్వ ఎంతో, తగ్గితే నెలకు ఎంత కోస్తారో సంతకం పెట్టే ముందే అడగండి. మా ఇంట్లో మూడు నెలల ఖర్చు, ఒక అద్దె చెక్కుకి సరిపడా డబ్బు నా పేరు మీదే ఉంటాయి. చెక్కుల తేదీలు ఫ్రిజ్ మీద క్యాలెండర్లో ఎర్ర ఇంకుతో రాసి ఉంటాయి.