బొగ్గు తీసిన నేల



బొగ్గు త్రవ్వుకొనిన పిదప ఆ నేల యేమగునో మన కారంచేడువంటి పల్లెలలో విచారించువారు తక్కువ. నల్లరేగడి దున్నుకొను మనకు గనులతో పనియేమి? కాని యిబ్రహీంపట్నపు విద్యుత్కేంద్రమున మండు బొగ్గులో సింగరేణి బొగ్గును గలదు. మన దీపము వెనుక నొక గొయ్యి యున్నదన్నమాట.

1871లో కింగు దొర యను భూగర్భశాస్త్రవేత్త ఇల్లెందు చేరువను బొగ్గును గనుగొనెను. 1889లో త్రవ్వకము మొదలయ్యెను. పూర్వము సొరంగములే. తరువాత వచ్చిన ఓపెన్‌కాస్టు గనులలో పైనేల నంతయు పెల్లగించి బొగ్గు తీయుదురు. ఒక టన్ను బొగ్గుకై అనేక టన్నుల రాతిమట్టిని గుట్టలుగా పోయుదురు.

క్రొత్తగా బావి త్రవ్వి గట్టున పోసిన మట్టిలో తొలి యేడు గడ్డియైన సరిగా మొలవదని మీరెఱుగుదురు. ఇదియు నట్టిదే. అడుగురాయి పైకి వచ్చును, సారమైన పైమన్ను అడుగున పడిపోవును. అందు జీవపదార్థము లేదు, నత్రజని లేదు, నీరు నిలువదు. ఇనుము గంధకము కలసిన రాయి యున్నచోట గాలియు నీరును సోకి ఆమ్లము పుట్టును. వానకు గుట్ట కోసుకొనిపోయి దిగువ చెరువులను పూడ్చును.

కావున మొదటి పని మొక్కలు నాటుట కాదు. త్రవ్వకమునకు ముందే పైమన్నును వేరుచేసి దాచి, త్వరగా మరల పఱవవలెను. ఏండ్లకొలది కుప్పలో నున్నచో అందలి సూక్ష్మజీవులు క్షీణించును. గుట్టవాలును మెట్లుగా దిద్ది, నీటికి కాలువలు తీయవలెను. పిమ్మట గడ్డి, ఆ పిమ్మట కాయధాన్యపు జాతి మొక్కలు. మనము జనుము, జీలుగ చల్లి దున్నుట యెందులకు? వాని వేరుబుడిపెలలోని జీవులు గాలిలోని నత్రజనిని నేలకు చేర్చును. కానుగయు నాజాతిదే, కఱవుకు నోర్చును. సుబాబులు త్వరగా పెరుగునుగాని యితరముల నెదుగనీయదు. దానినే నమ్ముట నాకు సమ్మతము గాదు. వేప, వెదురు కలిపి నాటుట మేలు.

లక్షలు నాటితిమని లెక్కలు చదువుదురు. మూడవ వేసవి దాటినవెన్ని యని యడుగవలెను. గుట్ట పచ్చబడినంతనే పొలమును గాదు. రాలిన యాకు మన్నగుటకు ఏండ్లు పట్టును. భూమి నిచ్చిన రైతు మనుమడు గూడ అచ్చట వరి కోయునని చెప్పజాలను.

2009లో కేంద్ర బొగ్గు మంత్రిత్వశాఖ యొక నియమము చేసెను. గని మూసివేతకు వలయు ద్రవ్యమును యజమాని ముందునుండియే ప్రత్యేకపు ఖాతాలో ఏటేట జమచేయవలెను. పని జరిగినదని సరిచూచిన పిదపనే యది తిరిగి చేతికి వచ్చును.