కొలువుకొచ్చి కట్టుకున్న వాడలు

హైదరాబాద్ చూడ్డానికి చుట్టాలొస్తే మనం తిప్పే దారి ఒకటే. చార్మినార్, గోల్కొండ, సాలార్‌జంగ్ మ్యూజియం, సాయంత్రానికి ట్యాంక్‌బండ్. రెండు రోజుల్లో ఊరు అయిపోతుంది. ఆ దారిని తప్పుపట్టడం లేదు గానీ, ఈ ఊరిని ఇలా తయారుచేసిన జనం అందులో తగలరు. వాళ్లుండేది వాడల్లో. పాత వాడ ఏది తీసుకున్నా దాని వెనక ఓ కొలువు ఉంటుంది. ఎవరో పనికి పిలిచారు, ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. పని పోయినా వాళ్లు పోలేదు.

ముందు బార్కస్. చాంద్రాయణగుట్ట వైపున్న ఈ వాడకు చలికాలంలో పొద్దున్నే, ఖాళీ కడుపుతో వెళ్లాలి. గంటల తరబడి ఉడికిన గోధుమలు, మాంసం ఏది ఏదో తెలియనంతగా కలిసిపోయి, డేగిశాలోంచి జిగురుగా సాగుతూ పళ్లెంలోకి దిగుతాయి. పైన నెయ్యి. అదే హరీస్. కొందరు దాని మీద చక్కెర చల్లించుకుంటారు. మాంసం మీద చక్కెరేంటని మొహం చిట్లించకండి, ఒక ముద్ద తిన్నాక మాట్లాడుకుందాం. 2010లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న మన హలీం దీని మనవరాలే. పప్పులూ మసాలాలూ ఇక్కడికొచ్చాక చేరాయి.

బార్కస్ వాళ్ల పూర్వీకులది యెమెన్‌లోని హద్రమౌత్. నిజాం కొలువులో సిపాయిలుగా చేరారు. వాళ్ల బ్యారక్సే బార్కస్. 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో నిజాం రాజ్యం పోయాక ఆ కొలువూ పోయింది. కొందరిని తిరిగి యెమెన్‌కు పంపేశారు. మిగిలినవాళ్లు చిన్నాచితకా వ్యాపారాల్లో, పండ్లతోటల్లో పడ్డారు. బార్కస్ జామకాయంటే నగరమంతా పేరు. 1970లలో గల్ఫ్‌లో చమురు డబ్బు పొంగేసరికి వీళ్ల పిల్లలు అటే కొలువులకు వెళ్లారు. తాతలు వదిలొచ్చిన సముద్రం వైపుకే మనవలు విమానమెక్కారన్నమాట.

మాసాబ్‌ట్యాంక్ దగ్గరి ఏసీ గార్డ్స్‌లో ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ. నిజాం కొలువులో ఉన్న ఆ ఆశ్వికదళం వారసులే ఇక్కడి సిద్దీలు. ఇవాళ ఏ మతం వాళ్ల బరాత్‌లోనైనా మోగే మర్ఫా వాయిద్యం అరబ్బులతో, వీళ్లతో వచ్చిందే. అత్తాపూర్ వైపు సిక్కు ఛావునీ ఉంది. 1832లో మహారాజా రంజిత్ సింగ్ పంపిన దళం సంతతి వాళ్లు. వీధిలో దక్కనీ, తెలుగు ధారాళంగా మాట్లాడతారు.

సికింద్రాబాద్ ఏకంగా ఒక దండు చుట్టూ పుట్టిన ఊరు. ఇంగ్లిషు సైన్యం విడిది చేసిన చోటుకు 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టారు. పాతకాలం వాళ్లకు ఇప్పటికీ అది లష్కరే. దండుకు సరుకులు అందించడానికి తమిళ ముదలియార్లు వచ్చారు, వ్యాపారానికి పార్సీలు, రైల్వే ఉద్యోగాలకు ఆంగ్లో ఇండియన్లు. ఆ దండులోనే సురిటి అప్పయ్య అనే డోలీ బేరర్ ఉండేవాడు. 1813లో ఆయన దళంతో ఉజ్జయినిలో ఉండగా ఇక్కడ కలరా ప్రబలింది. గత్తర తగ్గితే గుడి కడతానని అక్కడి మహంకాళికి మొక్కుకున్నాడని, తిరిగొచ్చాక 1815లో అమ్మవారిని కర్ర విగ్రహంగా ప్రతిష్ఠించాడని స్థల చరిత్ర. ఆషాఢంలో ఆ గుడిలో జరిగే లష్కర్ బోనాలకు మంత్రులు పట్టుబట్టలు మోసుకొస్తారు. మర్నాడు రంగంలో పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్పే గొంతును టీవీలన్నీ ప్రత్యక్షంగా వినిపిస్తాయి. ఇంత హంగామాకూ మూలం ఓ డోలీ మోసే మనిషి మొక్కు.

కోఠి బ్రిటిష్ రెసిడెన్సీ పక్కన సుల్తాన్ బజార్‌లో మరాఠీల బడులు, గ్రంథాలయం ఉన్నాయి. నిజాం ఆంక్షలు అంతగా చేరని రెసిడెన్సీ ఇలాకాలోనే 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అనే తెలుగు గ్రంథాలయం వెలిసింది. ఉర్దూ ఏలుతున్న రోజుల్లో తెలుగు కూడా ఇక్కడ చోటు వెతుక్కున్న భాషే. ఈ సంగతి మనకు తరచూ గుర్తుండదు.

1998లో సైబర్ టవర్స్ లేచాక కొలువుల దిక్కు మాదాపూర్‌కు మారింది. కొలువులకొచ్చిన ఒడియాలు బంజారాహిల్స్‌లో జగన్నాథుడి గుడి కట్టుకున్నారు. టోలిచౌకి పారామౌంట్ కాలనీలో సోమాలియా, సూడాన్, యెమెన్ విద్యార్థులు అద్దెకుంటారు. మాదాపూర్ వైపు లేచిన టవర్లకు ఇటుకలు మోసిన బిహారీ, ఝార్ఖండ్ కూలీలకు మాత్రం వాడ లేదు. నిజాం తన సిపాయిలకు బ్యారక్స్ ఇచ్చాడు. బిల్డరు ఇచ్చేది సైట్లో రేకుల షెడ్డు. పైఅంతస్తు స్లాబు పడి పని ముగిశాక ఆ రేకులు లారీ ఎక్కి నార్సింగికో, కోకాపేటకో పోతాయి, వాళ్లూ వాటి వెంటే.