రిథిన్ కలపగృహం: నిర్మాణమే కాలసాక్ష్యం

ఉత్తర వేల్స్‌లోని రిథిన్ పట్టణం 1400 సెప్టెంబరులో ఓవైన్ గ్లిన్‌డూర్ తిరుగుబాటులో దగ్ధమైంది. తదనంతర పునర్నిర్మాణానికి సాక్ష్యంగా నిలిచిన భవనం ‘నాంట్‌క్లూయిడ్ అ డ్రె’. కలప పరీక్షను బట్టి దీని తొలి దశ 1435 ప్రాంతానికి చెందినదని తేలింది. తర్వాతి కాలంలో ఇది పర్యటనకు వచ్చే న్యాయమూర్తుల విడిదిగా కూడా ఉపయోగపడింది.

ఈ శైలిలో భారాన్ని మోసేది గోడ కాదు, ఓక్ కలప చట్రం. వంపు తిరిగిన మానును నిలువునా రెండుగా చీల్చి, ఆ రెండింటినీ ఎదురెదురుగా నిలిపి కొప్పు వద్ద కలుపుతారు. ఒక దుంగ కొసను మరొకదాని బెజ్జంలో దూర్చి చెక్కమేకుతో బిగిస్తారు. చట్రపు ఖాళీలను తడికలతో పూరించి, వాటిపై మట్టి మెత్తుతారు. గోడలపై భారం లేనందున తరతరాల మార్పులకు ఈ పద్ధతి వీలు కల్పించింది.

ఈ మార్పుల వల్ల బాహ్యరూపాన్ని బట్టి కాలాన్ని నిర్ణయించడం కష్టం. ఇక్కడ కలపే ఆధారం. ఓక్‌ను ఆరబెట్టకుండా పచ్చిగానే వాడేవారు కాబట్టి చెట్టును నరికిన ఏడాదికీ నిర్మాణానికీ మధ్య వ్యవధి స్వల్పం. అయితే, నరికిన ఏడాదిని కచ్చితంగా చెప్పగలిగేది బెరడును ఆనుకొని ఉన్న చివరి వలయమే. మరమ్మతులో దుంగ అంచును చిత్రిక పడితే ఆ వలయంతోపాటు భవన జన్మసంవత్సరమూ చెరిగిపోతుంది. కనుక పరిరక్షణలో భవన ఆకృతిని నిలపడం ఒక్కటే చాలదు. దుంగ అంచునూ కాపాడాలి.