అరిగిన ట్రాక్టరు ఇంజను: బాగుచేయించుటయా, మార్చుటయా?

మన సభ్యులలో ట్రాక్టరు గలవారికి ఏనాడో యొకనాడు ఈ ప్రశ్న ఎదురుకాక తప్పదు. దమ్ము పనులు ముమ్మరముగా నున్నప్పుడు బండి పొగ చిమ్ముచు బలము తప్పును. మెకానిక్కు చూచి “ఇంజను పోయినది, వేరొకటి వేయవలసినదే” యనును. అదను దాటిపోవునను భయమున రైతు అప్పు చేసియైనను ఒప్పుకొనును. ఆ మాట నిజమే కావచ్చును. కాని కొలిచి చూడకమున్ను దానిని చెప్పుటకు ఎవరికిని వీలులేదు.

డీజిలు ఇంజనులో నిప్పురవ్వ నిచ్చు ప్లగ్గు ఉండదు. పిస్టను గాలిని సుమారు 16 మొదలు 20 వంతులకు కుదించగా పుట్టిన వేడికే డీజిలు అంటుకొనును. రింగులును లైనరును అరిగినచో గాలి ఆ సందున క్రిందికి జారి వేడి చాలదు. అందుచేతనే ప్రొద్దున స్టార్టు కాక మొరాయించును. ఆయిలు పైకెక్కి కాలినప్పుడు నీలిపొగ వచ్చును. ఆ నీలిపొగ స్టార్టు చేసినప్పుడు మాత్రమే కొంతసేపు వచ్చి పోయినచో తప్పు వాల్వు గైడులలో నుండవచ్చును. బరువు లాగుచున్నంతసేపు వచ్చినచో రింగులను అనుమానింపవలెను. నల్లపొగ యన్ననో, గాలి చాలకనో నాజిలు చెడియో వచ్చును. దానికై ఇంజను మార్చుట ఎలుకలున్నవని ఇల్లు తగులబెట్టుకొనుటయే.

కనుక మొదట నాజిళ్లు విప్పించి, ఆ రంధ్రములలో కంప్రెషను గేజి బిగించి, అన్ని సిలిండర్లను కొలిపింపుడు. ఒక్కటి మాత్రమే తక్కువ చూపినచో అందులో కొద్దిగా ఆయిలు పోసి మరల కొలవవలెను. ఇప్పుడు కొలత పెరిగినచో రింగుల తప్పు. పెరుగనిచో వాల్వులో హెడ్డు గాస్కెట్టో. (కొద్దిగా అనగా కొద్దిగానే. హెచ్చైనచో ఆయిలు గాలివలె కుదింపబడదు గనుక కనెక్టింగు రాడ్డు వంగును.)

అన్నియు సమానముగా తగ్గియున్నను నిరాశ వలదు. ట్రాక్టరు ఇంజనులలో పెక్కింటికి లైనర్లు విడిగా నుండును. పాతవి తీసి కొత్త లైనర్లు, పిస్టనులు, రింగులు వేయవచ్చును. అడుగుననుండి దబదబ శబ్దము వచ్చుచు ఆయిలు ప్రెషరు తగ్గినచో బేరింగులు అరిగినవన్నమాట. క్రాంకును లేతు షాపులో సానపట్టించి, 0.25 గాని 0.50 గాని మి.మీ. తక్కువ కొలతకు తగిన బేరింగులు వేయుదురు. తయారీదారు చెప్పిన హద్దు దాటినచో క్రాంకు మార్చవలెను. బ్లాకు బీటవారినను, క్రాంకు కూర్చుండు తావులు వంకరపోయినను అప్పుడు ఇంజను మార్చు మాట ఆలోచింపవలసినదే.

ఇంజను బాగైనను మార్చినను, అది ఎందుకు అరిగినదో తెలిసికొనకున్న సొమ్ము వ్యర్థము. నేనెరిగిన యొక రైతు అప్పు చేసి లైనర్లు పిస్టనులు అన్నియు కొత్తవి వేయించెను. ఏడాది తిరుగకమున్నే మరల నీలిపొగ. పనివానిని తిట్టిపోసిన తరువాత చూడగా, ఎయిర్ క్లీనరు నుండి ఇంజనునకు పోవు రబ్బరు గొట్టము క్లిప్పు క్రింద చీలియున్నది. వేలితో తడిమిన గాని కనబడని చీలిక! నూర్పిడి ధూళి యంతయు ఆ దారిననే పోయి కొత్త లైనర్లను ఆకురాయివలె అరగదీసినది. ఆ గొట్టము వెల ఎంత? ఆయన ఇంకను ఆ బాకీ తీర్చుచునే యున్నాడు.

వెల పోల్చునప్పుడు విడిభాగములు, లేతు పని, కూలి, బండి నిలిచిన దినముల నష్టము అన్నియు కాగితముపై వ్రాయించుకొనుడు. గేరుబాక్సును హైడ్రాలిక్కును గూడ అరిగియున్నచో కొత్త ఇంజను వేసియు ప్రయోజనము స్వల్పము. పాత బండినుండి తీసిన ఇంజను చౌకగా దొరకును. కాని దాని పూర్వచరిత్ర అమ్మువానికే తెలియదు. కొనకమున్ను దానిని గూడ గేజితో కొలిపింపుడు.

మార్చుటకే నిశ్చయించినచో ఇంకొక మాట. ఇంజను సంఖ్య ఆర్‌సి పుస్తకములో నమోదై యుండును. కొత్త సంఖ్యను బిల్లుతో సహా రవాణా కార్యాలయమున తెలిపి వ్రాయించుకొనవలెను. బీమా వారికిని తెలుపవలెను. లేనిచో బండి అమ్ముకొనునాడు చిక్కు వచ్చును.