ముప్పది నెలల పీఠము

బాగేపల్లి దాటి జాతీయ రహదారిపై ఉత్తరముగా సాగిన బాటసారికి కొద్ది మైళ్లలోనే రాష్ట్రము మారును గాని భాష మారదు. ఈవల చిక్కబళ్లాపుర జిల్లా, ఆవల శ్రీ సత్యసాయి జిల్లాలోని కొడికొండ. ఇరువైపులను అదే వేరుసెనగ చేను, అదే వానకెదురుచూపు, రచ్చబండపై అదే తెలుగు. మారునది మరియొకటి కలదు: గ్రామమున కధిపతి యగువాడు పీఠమెక్కు విధానమును, దానిపై నతడుండు కాలమును. ఆవల సర్పంచిని ఓటరులే నేరుగా, ఐదేండ్లకు, ఎన్నుకొందురు. ఈవల ఓటరు తన వార్డు సభ్యుని మాత్రమే ఎన్నుకొనును. ఆ సభ్యులందరును కూడి తమలో నొకరిని అధ్యక్షునిగా, మరియొకరిని ఉపాధ్యక్షునిగా నిలుపుకొందురు. వారి గడువు ముప్పది నెలలు. 2020 డిసెంబరులో కర్ణాటకమునను, 2021 ఫిబ్రవరిలో ఆంధ్రదేశమునను పంచాయతి ఎన్నికలు జరిగినవి. 2023 నడుమ వచ్చునప్పటికి చింతామణి, బాగేపల్లి తాలూకాల పల్లెలలో తొలి అధ్యక్షులు దిగి మలివారు ఎక్కుచుండగా, సరిహద్దుకు ఆవలి సర్పంచులకు సగము కాలమైనను గడచియుండలేదు.

ఈ ముప్పది నెలల లెక్క అనాదిగా వచ్చినది కాదు, స్థిరముగా నిలిచినదియు కాదు. పూర్వము ముప్పది నెలలుగా నున్న గ్రామాధ్యక్షుని గడువును 2015లో ఐదేండ్లు చేసిరి. ఆ విడత అధ్యక్షులు ఐదేండ్లును ఏలిరి. 2020లో చట్టమును మరల సవరించి ముప్పది నెలలకే దింపిరి. పెంచినపుడును తగ్గించినపుడును ఆ పని జరిగినది బెంగుళూరి విధానసౌధములో. ఆరు నెలలకొకసారియైనను గ్రామసభ జరుపవలెనని చట్టమే శాసించుచుండ, ఇండ్ల పట్టికలకును, ఉపాధి పనులకును అందు చోటున్నదే గాని, "మీ అధ్యక్షుడు ఎంతకాలముండవలె" నన్న ప్రశ్నకు మాత్రము చోటు దొరకలేదు. ఇందు ఒక విడ్డూరము కలదు. గ్రామాధ్యక్షుని కాలమును కొలిచి కత్తిరించిన శాసనసభ్యులకు తమ విషయమున అట్టి కొలబద్ద ఏదియు లేదు. జనులు గెలిపించినంతకాలము ఒకే నియోజకవర్గమునుండి ఎన్నిమార్లైనను పోవచ్చును.

జనుల నడిగిన మాత్రమున మేలు జరుగునా యనిన, ప్రపంచానుభవము అంత సులువుగా అవునన నీయదు. పొరుగుననున్న సింహళమునే చూడుడు. 1977లో 168 స్థానములలో 140 గెలిచిన పక్షమునకు నాయకుడైన జయవర్ధన, 1983లో ముగియవలసిన ఆ పార్లమెంటు గడువును మరి ఆరేండ్లు పొడిగించుటకై 1982 డిసెంబరు 22న ప్రజల నడిగెను. సమ్మతి యనువారికి దీపము గుర్తు, వలదనువారికి కుండ గుర్తు. అత్యవసర పరిస్థితి అమలులో నుండగా జరిగిన ఆ రెఫరెండమున నూటికి ఏబదినలుగురికి పైగా దీపమునకే ఓటు వేసిరి. ఎన్నికతో నిర్ణయము కావలసిన బలాబలములు ఎన్నిక లేకయే మరి ఆరేండ్లు యథాతథముగా నిలిచిపోయినవి. అడిగిన ప్రశ్న పొడిగింపును గూర్చినదే యైనను, అడిగినవాడే దానివలన లాభపడువాడు. 2020లో రష్యాలో పుతిన్ పదవీకాలపు లెక్కను మరల సున్నతో మొదలుపెట్టు సవరణను పింఛనుల సవరణతోను ఇంకను పెక్కింటితోను ఒకే మూటగా గట్టి, అన్నిటికిని కలిపి ఒకే ఔననో కాదనో చెప్పుమనిరి. బొలీవియాలో అధ్యక్షుడు మరల పోటీచేయుటను 2016 ఫిబ్రవరిలో జనులు స్వల్పాధిక్యముతో వలదనిరి. మరుసటి యేడే అచ్చటి రాజ్యాంగ న్యాయస్థానము పోటీకి దారి తెరచెను. వలదన్న మాటకు విలువ ఏమున్నది?

సింహళమునందే వేరొక ఉదాహరణ కలదు. అది నాకు మరింత ఇష్టము. 2010లో పదునెనిమిదవ సవరణచే అధ్యక్షునికి రెండు పర్యాయముల హద్దును పార్లమెంటే తుడిచివేసెను. జనుల నెవ్వరును అడుగలేదు. అయినను 2015 జనవరిలో మూడవ మారు నిలిచిన మహింద రాజపక్షను జనులు ఓడించిరి. ఆ యేడే పందొమ్మిదవ సవరణతో హద్దు తిరిగి వచ్చెను. చట్టము చెరిపిన గీతను ఓటరే గీచెను.

మన రాజ్యాంగము రెఫరెండమును ఎరుగదు. రాష్ట్రపతి గడువు ఐదేండ్లని చెప్పినదే గాని, ఎన్ని మార్లన్న హద్దు పెట్టలేదు. 1948 నాటి ముసాయిదాలో మరల ఎన్నికగుట ఒక్కసారి మాత్రమే అన్న కట్టడి ఉండగా, తుది పాఠమున అది జారిపోయెను. అయినను పూర్తి గడువులు రెండు గడపినవాడు రాజేంద్రప్రసాదు ఒక్కడే. వ్రాయని ఆచారము వ్రాసిన నిబంధనకంటె గట్టిదైనది. లోక్‌సభ విషయమున నట్లు జరుగలేదు. అత్యవసర పరిస్థితి కాలమున 1976లో నలుబదిరెండవ సవరణ ద్వారా ఆ సభ తన ఐదేండ్లను తానే ఆరేండ్లు చేసికొనెను. ఆ తప్పును దిద్దుటకై జనతా ప్రభుత్వము 1978లో తెచ్చిన బిల్లులో అపూర్వమైన ఒక ప్రతిపాదన ఉండెను: రాజ్యాంగపు మూలలక్షణములను మార్చదలచినచో ప్రజలనే అడుగవలెను, ఆ ఓటున నూటికి ఏబదియొక్కరైనను పాల్గొనవలెను. రాజ్యసభ దానిని త్రోసిపుచ్చెను. మిగిలిన భాగము నలుబదినాలుగవ సవరణగా నిలిచి, ఐదేండ్ల గడువును పునరుద్ధరించెను. ఆ ప్రతిపాదన నిలిచియుండినచో భారతీయ ఓటరునకు అభ్యర్థుల పేర్లతో పాటు ప్రశ్నలుగల ఓటు కాగితము కూడ పరిచితమై యుండును.

మరల పల్లెకు వత్తము. ముప్పది నెలలలో గుణము లేదనుట అన్యాయము. ఐదేండ్లలో అధ్యక్షపీఠము ఇద్దరికి దక్కుటచే, రిజర్వేషన్ల వంతులు కూడ రెండింతలగును. సగము పీఠములు మహిళలకు కేటాయింపబడిన ఈ రాష్ట్రమున, కర్రపట్టుకొని పొలము దున్నించిన పెద్దయింటి మగవాడు తప్ప మరియొకరు పీఠముపై కూర్చుండ చూడని ఊళ్లలో దళిత స్త్రీ అధ్యక్షురాలగుట చిన్న సంగతి కాదు. కాని ఆమె ఖర్చుల లెక్కలు చదువ నేర్చి, పంచాయతి అభివృద్ధి అధికారిని (పీడీఓను) నిలదీయ గలిగిన నాటికి గడువు తీరును. వంతు మారుటచే వెంటనే మరల నిలుచు అవకాశము సామాన్యముగా నుండదు. సభ్యులు ఈ ముప్పదిని సైతము తమలో తాము పంచుకొని, "నీకు పదునైదు, నాకు పదునైదు" అని మాట యిచ్చుకొనుటయు, మాట తప్పిన పిమ్మట రాజీనామాకై తగవులాడుటయు ఈ ప్రాంతమున అందరెరిగినదే. ఓటరు నేరుగా ఎన్నుకొనని పీఠమునకు హద్దు ఎంత కుదించినను, బేరమునకే బలము చేకూరును. ఐదేండ్లే మేలని నా యభిప్రాయము. కాని ఓటరే నేరుగా ఎన్నుకొనవలెను, పొడిగింపు ఏదైనను పీఠముపై నున్నవానికి వర్తింపరాదు.

గడువు ఐదేండ్లైనంత మాత్రమున చాలదు. జిల్లా పంచాయతి అధ్యక్షుని గడువు ఒకప్పుడు ఇరువది నెలలుండగా, దానిని ఐదేండ్లకు పెంచిరి. 2016లో ఎన్నికైనవారు ఆ ఐదేండ్లును అనుభవించి 2021లో దిగిపోయిరి. ఆ పిమ్మట నియోజకవర్గముల విభజన, రిజర్వేషన్ల తగవులు, న్యాయస్థానముల వాయిదాల నడుమ ఏండ్లు గడచినను ఎన్నికలు జరుగలేదు. చిక్కబళ్లాపురము జిల్లాలోను తక్కిన జిల్లాలలోను పాలన అధికారుల చేతికి పోయినది. అధికారికి బదిలీ ఉండును గాని, ఓటరు పెట్టిన గడువు ఉండదు.