నియోజకవర్గాల పునర్విభజన – పౌర అభ్యంతరం: ఉమ్మడి కరీంనగర్ జిల్లా అనుభవం

వ్యాససంగ్రహం:
పునర్విభజనపై నేటి చర్చ ప్రధానంగా స్థానాల సంఖ్య చుట్టూ సాగుతున్నది. 2008లో ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో స్థానాల సంఖ్య మారలేదు. హద్దులు మాత్రం మారాయి. ఈ అనుభవం ఆధారంగా, హద్దుల నిర్ణయంలో పౌరుల అభ్యంతరానికి ఉన్న అవకాశాన్నీ, పరిమితినీ వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. ప్రవేశిక:
అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో 2025 నవంబర్ 4న కొత్త నియోజకవర్గాల పటాన్ని 'ప్రతిపాదన 50' పేర ఓటర్ల తీర్పుకు పెట్టారు. స్వతంత్ర సంఘం గీసిన హద్దులే ఉండాలని కొన్ని పౌరబృందాలు వ్యతిరేక ప్రచారం చేశాయి. ఓటర్లు ప్రతిపాదనను ఆమోదించారు. భారతదేశంలో హద్దులపై ఓటింగు లేదు. ఇక్కడ పౌరునికి మిగిలింది అభ్యంతర పత్రమే.

2. చట్టపరమైన చట్రం:
రాజ్యాంగంలోని 82, 170 అధికరణలు ప్రతి జనగణన తరువాత పునర్విభజనను నిర్దేశిస్తున్నాయి. 1976లో 42వ సవరణ స్థానాల సంఖ్యను స్తంభింపజేసింది. 84వ సవరణ ఆ స్తంభనను 2026 తరువాతి తొలి జనగణన వరకు పొడిగించింది. అందువల్ల జస్టిస్ కుల్దీప్ సింగ్ నాయకత్వంలోని సంఘం 2001 జనాభా లెక్కల ప్రకారం హద్దులను, రిజర్వుడు స్థానాలను మాత్రమే సవరించింది.

2002 నాటి చట్టంలోని 9వ సెక్షన్ ప్రకారం సంఘం ముసాయిదాను ప్రకటించి, అభ్యంతరాలు స్వీకరించి, బహిరంగ విచారణ జరపాలి. పరిపాలనా విభాగాల హద్దులు, రాకపోకల సౌకర్యం, ప్రజల వీలు గమనించాలి. తుది ఉత్తర్వు వెలువడ్డాక దానికి చట్టబలం వస్తుంది. న్యాయస్థానంలో సవాలు చేసే అవకాశం అత్యంత పరిమితం. కనుక ముసాయిదా దశలో పలకని మాటకు తరువాత విలువ తక్కువ.

3. కరీంనగర్‌లో మారినవి:
పునర్విభజనకు ముందూ తరువాతా ఉమ్మడి జిల్లాలో శాసనసభ స్థానాలు 13. అయితే మేడారం, కమలాపూర్, ఇందుర్తి, బుగ్గారం, మెట్‌పల్లి, నేరెళ్ల అనే ఆరు పేర్లు తొలగిపోయాయి. రామగుండం, ధర్మపురి, కోరుట్ల, వేములవాడ, మానకొండూరు, హుస్నాబాద్ వచ్చాయి. షెడ్యూల్డు కులాలకు కేటాయించిన స్థానాలు రెండు నుంచి మూడుకు పెరిగాయి. అంతకుముందు జనరల్‌గా ఉన్న చొప్పదండి వాటిలో ఒకటి. కొత్త హద్దులతో 2009లో ఎన్నికలు జరిగాయి.

4. జిల్లాల విభజన ప్రభావం:
2016లో జిల్లాలు పునర్వ్యవస్థీకృతమైనప్పటికీ నియోజకవర్గాల హద్దులు మారలేదు. ఫలితంగా హుస్నాబాద్ నియోజకవర్గం మూడు జిల్లాలలో విస్తరించింది: హుస్నాబాద్, కోహెడ సిద్దిపేటలో, చిగురుమామిడి, సైదాపూర్ కరీంనగర్‌లో, ఎల్కతుర్తి, భీమదేవరపల్లి నేటి హన్మకొండలో ఉన్నాయి. కమలాపూర్ పరిస్థితి మరింత గమనార్హం. 2008లో అది నియోజకవర్గ కేంద్రంగా తన స్థానాన్ని కోల్పోయి హుజూరాబాద్‌లో చేరింది. 2016లో జిల్లా కూడా మారింది. అక్కడి ఓటరుకు శాసనసభ్యుని నియోజకవర్గ కేంద్రం ఒక జిల్లాలో, కలెక్టరు కార్యాలయం మరొక జిల్లాలో ఉన్నాయి.

5. ముగింపు:
తెలంగాణ శాసనసభ 2025 మార్చి 27న పునర్విభజనపై తీర్మానం చేసింది. దక్షిణాది ప్రాతినిధ్యం తగ్గరాదన్న వాదనతో పాటు, 2014 పునర్వ్యవస్థీకరణ చట్టంలో పేర్కొన్నట్లు స్థానాలను 119 నుంచి 153కు పెంచాలన్న కోరిక అందులో ఉంది. ఆ వాదనకు బలమున్నది. కానీ స్థానాలు పెరిగినా, తగ్గకపోయినా, ఒక ఊరి ప్రాతినిధ్యం దెబ్బతినవచ్చునని కరీంనగర్ అనుభవం తెలుపుతున్నది. సంఖ్యపై పోరాటం ప్రభుత్వాలు, పార్టీలు చేయగలవు. ఏ మండలం ఎటు చేరాలో, రాకపోకలు ఎటు అనుకూలమో చెప్పగలిగినవారు స్థానికులే. పౌరసంఘాలు, అధ్యాపకులు మండలాల వారీ సమాచారాన్ని ముందుగానే సిద్ధం చేసుకుంటే, ముసాయిదా వెలువడిన నాడు అభ్యంతరం కేవలం నిరసనగా మిగలక ఆధారంగా నిలుస్తుంది.